ప్లీడరు గారి ఇనప్పెట్టె

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా నిజం దాచకూడదంటారు మన పెద్దవాళ్ళు. బాగానే ఉంది. మనం దాచకుండా చెప్పేశాం సరే, విన్న పెద్దమనిషి దాన్ని ఎక్కడ దాస్తాడు? ఈ రెండో ప్రశ్న మనవాళ్ళు పెద్దగా అడగరు.

మనకీ లాయర్లకీ ఏం సంబంధం, మనం కోర్టు మెట్లెక్కే బాపతు కాదు అనుకుంటాం గానీ, ఓసారి లెక్కేసి చూడండి. హెచ్1బీ అన్నా గ్రీన్ కార్డన్నా పాస్‌పోర్టు ప్రతి పేజీ కాపీ, డిగ్రీలు, జీతం చీటీలు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల పుట్టిన తేదీలు, అన్నీ స్కాన్ చేసి ఒక లా ఫర్ముకి పంపిస్తాం. ఊళ్ళో పొలం తగాదా అయితే పాస్ పుస్తకాలు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు, పవరాఫ్ అటార్నీ ఇస్తాం. విడాకులైతే ఇక చెప్పక్కర్లేదు, తల్లికి కూడా చెప్పని సంగతులు వెళ్ళిపోతాయి. మన బ్యాంకు దగ్గర కూడా ఇంత సమాచారం ఉండదు. అందుకే ఈ లాయర్ల గోప్యత అనేది ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఇప్పుడెలా ఉంది అని కొంచెం తవ్వాను. తవ్వితే తేలిందేంటంటే, నాలుగున్నర శతాబ్దాల పాటు కట్టిన కోటకి గోడలన్నీ ఒకే వైపు ఉన్నాయి!

మొదటి నుంచీ చెప్తాను.

ఇంగ్లండులో ఈ విషయం మీద దొరికే పాత కేసుల్లో ఒకటి 1577 నాటి బెర్డ్ వర్సెస్ లవ్‌లేస్. మన దగ్గర తళ్ళికోట యుద్ధం జరిగి అప్పటికి పన్నెండేళ్ళు. థామస్ హాట్రీ అనే సొలిసిటర్‌ని సాక్ష్యం చెప్పమని పిలిపించారు. ఆయన వెళ్ళి, "అయ్యా, నేను ఈ దావాలోనే ప్రతివాది తరఫున పని చేస్తున్నాను, ఫీజు కూడా తీసుకున్నాను" అని ప్రమాణం చేశాడు. అయితే సరే, నిన్ను బలవంతం చెయ్యం అంది కోర్టు. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ చెప్పలేదు.

మొదట్లో ఇది లాయరు పరువుకి సంబంధించిన వ్యవహారంగా ఉండేదని చాలామంది చరిత్రకారులు రాశారు. పెద్దమనిషి నమ్మి చెప్పిన రహస్యం బయటపెట్టడు, అది మర్యాద కాదు అన్నమాట. కానీ పరువు మీద నిలబెట్టిన హక్కుకి ఒక చిక్కుంది. పెద్దమనుషులు లాయర్లొక్కరే కాదుగా! డాక్టరుకి పరువు లేదా?

సరిగ్గా ఈ ప్రశ్నే 1776లో వచ్చింది. కింగ్‌స్టన్ డచెస్ మీద రెండో పెళ్ళి చేసుకుందన్న నేరం మోపి, హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో విచారణ జరిపారు. సీజర్ హాకిన్స్ అనే సర్జన్‌ని బోనెక్కించి మొదటి పెళ్ళి గురించి అడిగితే, వృత్తిలో భాగంగా తెలిసిన విషయం నేను చెప్పొచ్చా అని ఆయన సందేహం వెలిబుచ్చాడు. లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పాల్సిందే అన్నాడు. డాక్టరు తనంతట తాను బయటపెడితే తప్పు, న్యాయస్థానం అడిగితే మాత్రం చెప్పక తప్పదు. ఆ రోజు నుంచి ఆ సంప్రదాయంలో డాక్టరు దారి వేరు, లాయరు దారి వేరు. మన దేశపు సాక్ష్య చట్టంలో కూడా లాయరుకి ఉన్న ఈ రక్షణ డాక్టరుకి లేదు. పెద్దవాళ్ళ సామెతలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ, చట్టంలో ఒకడే కూర్చున్నాడు.

మరి లాయరుకే ఎందుకు? దీనికి గట్టి జవాబు 1833లో గ్రీనో వర్సెస్ గాస్కెల్ అనే కేసులో లార్డ్ బ్రూమ్ ఇచ్చాడు. ఇది లాయర్ల వృత్తి గొప్పదనం కోసం పెట్టింది కాదు, న్యాయం జరగడం కోసం పెట్టింది అన్నాడాయన. చట్టం తెలిసినవాడి సాయం లేకుండా మామూలు మనిషి కోర్టులో నెగ్గుకురాలేడు. సాయం కావాలంటే నిజం చెప్పాలి. చెప్పింది తన మీదకే తిరిగొస్తుందంటే ఎవడూ చెప్పడు. అంటే హక్కు లాయరుది కాదు, క్లయింటుది. మన భాషలో చెప్పాలంటే డేటా ఓనరు ఎవరో 1833కల్లా తేల్చేశారు.

అన్నట్టు, ఏ రహస్యాన్నయినా కాపాడాలా అన్న ప్రశ్న అంతకు ముందే వచ్చింది. 1743లో డబ్లిన్‌లో నడిచిన ఆన్స్‌లీ కేసు అచ్చంగా సినిమా కథ. జేమ్స్ ఆన్స్‌లీ అనే కుర్రాడు పెద్ద ఆస్తికి వారసుణ్ణంటాడు. చిన్నప్పుడే బాబాయి తనని ఎత్తుకుపోయి అమెరికాలో కూలీగా అమ్మించాడంటాడు. పెద్దయ్యాక తిరిగొచ్చాడు. ఆ తర్వాత అతని చేతిలో తుపాకి పేలి ఒకడు చనిపోయాడు. బాబాయి గారికి పండగ! ఎలాగైనా వీణ్ణి ఉరికంబం ఎక్కించాలని అటార్నీని పెట్టుకుని, ఇందుకు పదివేల పౌండ్లయినా ఖర్చు పెడతాను అన్నాడట. ఆస్తి కేసులో ఆ అటార్నీనే సాక్షిగా పిలిచారు. చెప్పకూడదని అవతలివాళ్ళు గోల చేసినా కోర్టు చెప్పనిచ్చింది. ఒకణ్ణి అన్యాయంగా చంపించడానికి వేసిన పథకం లాయరు చెవిలో చెప్పినంత మాత్రాన పవిత్రం అయిపోదు అన్నది దాని సారం.

ఈ సరుకంతా మన దేశానికి 1872 సాక్ష్య చట్టంలో ఓడెక్కి వచ్చింది. రాసినాయన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. 126వ సెక్షన్లో బారిస్టరు, అటార్నీ, ప్లీడరు, వకీలు నలుగురినీ పేరు పెట్టి మరీ చెప్పాడు. దాని కిందిచ్చిన ఉదాహరణలు చూస్తే ముచ్చటేస్తుంది, చక్కగా టెస్ట్ కేసులు రాసినట్టుంటాయి. క్లయింటు వచ్చి, నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి అన్నాడు: రహస్యమే, బయటపెట్టకూడదు. ఫోర్జరీ దస్తావేజుతో ఆస్తి లాక్కుందామనుకుంటున్నా, దావా వెయ్యండి అన్నాడు: రక్షణ లేదు. కేసు నడుస్తుండగా క్లయింటు లెక్కల పుస్తకంలో మొదట్లో లేని పద్దు ఒకటి కొత్తగా ప్రత్యక్షమవడం లాయరు చూశాడు: రక్షణ లేదు. జరిగిపోయిన తప్పు రహస్యం, జరగబోయే తప్పు కాదు. ఇంత స్పష్టంగా రాసిన స్పెసిఫికేషన్ నేను నా ఉద్యోగంలో చూళ్ళేదు.

నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి 127వ సెక్షన్. ఈ నియమం దుబాసీలకీ, వకీళ్ళ గుమాస్తాలకీ, నౌకర్లకీ కూడా వర్తిస్తుందని అందులో ఉంది. మన తెలుగు జిల్లాలకి ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. తెలుగులో చెప్పుకున్న గోడు ఇంగ్లీషులోకి మారి మద్రాసు హైకోర్టుకి చేరేలోపు ఎన్ని చేతులు మారేదో! క్లయింటు ముందు కూర్చునేది గుమాస్తా దగ్గర. కట్టలు కట్టేది గుమాస్తా. వాయిదా తేదీ దగ్గర్నుంచి ఇంటి గుట్టు దాకా తెలిసేది గుమాస్తాకి. వకీలు నోటికి తాళం వేసి గుమాస్తాని వదిలేస్తే లాభం లేదని 1872లోనే పట్టుకున్నారు. ఇవాళ మనం సబ్ కాంట్రాక్టరు, వెండరు, క్లౌడు అంటున్నది ఆ గుమాస్తానే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్‌గా ఇవన్నీ కొనసాగాయి, కాకపోతే నౌకర్లు పోయి ఉద్యోగులయ్యారు.

గోప్యత ఎంత దూరం పోతుందో చూడాలంటే షికాగో వెళ్ళాలి. 1982లో ఒక మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో కాపలాదారు హత్యకి గురయ్యాడు. ఆల్టన్ లోగన్ అనే అతన్ని పట్టుకున్నారు. వేరే కేసులో ఉన్న ఆండ్రూ విల్సన్ అనే ముద్దాయి, ఆ పని చేసింది నేనే అని తన లాయర్ల దగ్గర ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరు లాయర్లూ ఏం చెయ్యాలి? చెబితే సొంత క్లయింటుని చంపినట్టు. చెప్పకపోతే ఏ పాపం ఎరగనివాడు జైలుకి. వాళ్ళు ఒక అఫిడవిట్ రాసి, సంతకాలు చేసి, సీలు వేసి పెట్టెలో పెట్టి తాళం వేశారు. తాను చచ్చిపోయాక చెప్పుకోవచ్చని విల్సన్ అనుమతి ఇచ్చాడు. లోగన్‌కి మరణశిక్ష పడితే మాత్రం ఊరుకోకూడదనుకున్నారు. జీవిత ఖైదు పడింది. 2007లో విల్సన్ జైల్లో చనిపోయాడు, పెట్టె తెరిచారు, 2008లో లోగన్ బయటికొచ్చాడు. మధ్యలో 26 ఏళ్ళు గడిచిపోయాయి.

ఇది చదివాక ఆ లాయర్ల మీద నాకు కోపం వచ్చింది. కాసేపటికి గౌరవం కూడా వచ్చింది. రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: 26 ఏళ్ళ పాటు ఆ పెట్టెని ఎవరూ హ్యాక్ చెయ్యలేదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన చరిత్రంతా, కోర్టు వచ్చి "చెప్పు" అంటే "చెప్పను" అనే హక్కు గురించి. గోడలన్నీ ఒకే వైపు ఉన్నాయన్నది అందుకే. కోర్టువైపు ఎత్తైన కోట గోడ. దొంగ వచ్చే వైపు? అక్కడ గుమాస్తా గారి బీరువా తాళంచెవి, అంతే. కాగితం కాలంలో అది సరిపోయింది. బీరువా ఎత్తుకుపోవాలంటే బండి కావాలి కదా.

2016 ఏప్రిల్ 3న పనామా పేపర్లు వచ్చాయి. మోసాక్ ఫొన్సెకా అనే లా ఫర్ము నుంచి కోటీ 15 లక్షల పత్రాలు, 2.6 టెరాబైట్లు, ఒక జర్మన్ పత్రికకి చేరాయి. 1970ల నుంచి 2015 దాకా నలభై ఏళ్ళ గుట్టు. ఐస్‌లాండు ప్రధాని పదవి పోయింది. ఏ దారిన బయటికొచ్చాయో ఇప్పటికీ తేలలేదు గానీ, తర్వాత ఆ ఫర్ము సైట్లు చూసినవాళ్ళకి కళ్ళు తిరిగాయి. క్లయింట్లు లాగిన్ అయ్యే పోర్టల్ ద్రుపాల్ 7.23 మీద నడుస్తోంది. అది 2013లో వచ్చిన వెర్షను. ఎవరైనా బయటి నుంచి డేటాబేసులోకి దూరగలిగే ఘోరమైన లోపాన్ని 2014 అక్టోబరులో 7.32తో సరిచేశారు. ఏడాదిన్నర దాటినా వీళ్ళు ప్యాచ్ వెయ్యలేదు. ప్రపంచంలోని కుబేరుల ఇనప్పెట్టెకి వేసిన తాళం ఇది.

ఇంకో విచిత్రం. 2024 జూన్‌లో పనామా కోర్టు ఈ కేసులో 28 మందిని నిర్దోషులుగా వదిలేసింది. చూపించిన కారణాల్లో ఒకటి, ఫర్ము సర్వర్ల నుంచి సేకరించిన ఆధారాలకి హాష్ విలువలు లేవు కాబట్టి అవి మారలేదని నమ్మలేం అన్నది! చిన్న చెక్‌సమ్ ఆదేశం నడపనందుకు ఒక పెద్ద కేసు అంత బలహీనపడిందన్నమాట.

పనామా బాధితులు డబ్బున్నవాళ్ళు, దాంట్లో దొంగలూ ఉన్నారు, వాళ్ళకి అలాగే కావాలి అంటారేమో. నేనూ కొంతవరకు అంటాను. కానీ ఆ ఫర్ముకి తాళం సరిగ్గా లేకపోవడం మంచిదని మాత్రం అనలేను. ఎందుకంటే అదే తాళం మామూలువాళ్ళ పెట్టెకీ ఉంది. లండన్‌లో టకర్స్ అనే క్రిమినల్ లా ఫర్ము కథ చూడండి. 2020 ఆగస్టులో రాన్సమ్‌వేర్ వచ్చి 9,72,191 ఫైళ్ళని లాక్ చేసింది. అరవై కోర్టు కట్టలు చీకటి సంతలో ప్రత్యక్షమయ్యాయి. వాటిల్లో వైద్య నివేదికలు, సాక్షుల వాంగ్మూలాలు, బాధితుల పేర్లు, చిరునామాలు. సాక్షి చిరునామా ముద్దాయి మనుషుల చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? విచారణలో తేలినవి మూడు: దూరం నుంచి లాగిన్ అవడానికి రెండో అంచె లేదు, జనవరిలో వచ్చిన ప్యాచ్ జూన్‌లో వేశారు, పాత కట్టలని ఎన్‌క్రిప్ట్ చెయ్యలేదు. 2022లో 98,000 పౌండ్ల జరిమానా పడింది.

మన వీసా కాగితాల సంగతికొస్తే, 2020లో ఫ్రాగోమెన్ అనే పెద్ద ఇమ్మిగ్రేషన్ ఫర్ములో గూగుల్ ఉద్యోగుల ఐ-9 సమాచారం ఉన్న ఒక ఫైలుని బయటివాళ్ళు చూశారని ఆ ఫర్మే ప్రకటించింది. అన్నిటికంటే చోద్యం ఓరిక్ అనే ఫర్ముది. డేటా దొంగతనం జరిగిన కంపెనీలకి సలహా ఇవ్వడం వాళ్ళ పనుల్లో ఒకటి. ఆ దొంగతనాల బాధితుల వివరాలే వాళ్ళ దగ్గర పోగయ్యాయి. 2023లో వాళ్ళ ఇంట్లోనే దొంగలు పడ్డారు, ఆరు లక్షల పైచిలుకు మంది వివరాలు రెండోసారి పోయాయి.

సాంకేతికం ఒక్కటే చూస్తే మళ్ళీ పొరపాటే. 2013లో జె.కె. రౌలింగ్ మారుపేరుతో డిటెక్టివ్ నవల రాసింది. ఆ గుట్టు బయటపడింది ఎక్కడ? ఆవిడ లాయర్ల ఫర్ములో ఒక భాగస్వామి తన భార్య స్నేహితురాలికి చెప్పాడు, ఆవిడ ట్విట్టర్లో ఒక పాత్రికేయురాలికి చెప్పింది. లాయరుకి పడిన జరిమానా 1,000 పౌండ్లు. ఫైర్‌వాల్ ఎంత గట్టిదైనా భోజనాల బల్ల దగ్గర పనిచెయ్యదు.

మరి చట్టం ఈ రెండో గోడ కట్టడం మొదలెట్టిందా అంటే, పెట్టింది, నత్తనడకన. అమెరికన్ బార్ అసోసియేషన్ 1999లో మామూలు ఈమెయిలు వాడుకోవచ్చు, ఎన్‌క్రిప్షన్ అక్కర్లేదు అంది. 2012లో క్లయింటు సమాచారం బయటికి పోకుండా తగిన జాగ్రత్త పడాలని నియమంలోనే చేర్చింది. 2017లో సున్నితమైన విషయాలకి మామూలు ఈమెయిలు చాలకపోవచ్చంది. 2018లో దొంగలు పడి క్లయింటు సమాచారం పోతే ఆ సంగతి క్లయింటుకి చెప్పాలంది.

మన దగ్గర మొదటి గోడ ఇంకా ఎత్తు పెరిగింది. 2025లో ఈడీ ఇద్దరు సీనియర్ లాయర్లకి సమన్లు పంపితే గొడవై, సుప్రీం కోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అక్టోబరు 31న తీర్పు ఇస్తూ, చట్టంలోని మినహాయింపులు ఉంటే తప్ప క్లయింటు విషయాలకోసం లాయరుని పిలవకూడదనీ, పిలిచినా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆమోదం ఉండాలనీ చెప్పింది. లాయరు ఫోను, ల్యాప్‌టాప్ కావాలంటే కోర్టు ముందే పెట్టాలి, మిగతా క్లయింట్ల వివరాలు బయటపడకుండా చూడాలి అంది. ఒకే డిస్కులో అందరి గుట్టూ ఉంటుందని కోర్టుకి తెలిసినందుకు నేను నిజంగా సంతోషించాను. అదే తీర్పులో కంపెనీ జీతం మీద పనిచేసే లాయర్లకి 132వ సెక్షన్ రక్షణ లేదని కూడా ఉంది. మీ ఆఫీసులో లీగల్ వాళ్ళకి కష్టసుఖాలు చెప్పుకునే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

రెండో గోడ మాటేమిటి? 2023 డేటా రక్షణ చట్టం ఉంది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, అసలు బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. భద్రత లేకపోతే 250 కోట్ల దాకా జరిమానా. వినడానికి ఘనంగా ఉంది. కానీ 17వ సెక్షన్ చదవండి. చట్టపరమైన హక్కు సాధించుకోవడానికి అవసరమైన పనికి ఈ చట్టంలో చాలా బాధ్యతలు వర్తించవు. ఇది కొంత సబబే, అవతలి పార్టీ అనుమతి తీసుకుని దావా వెయ్యలేం కదా. భద్రంగా ఉంచాలన్న 8(5) మాత్రం మిగిల్చారు. దొంగలు పడితే బాధితులకి చెప్పాలన్న 8(6) ఆ మిగిలిన వాటిలో లేదు! వీసా, అమ్మకం దస్తావేజు లాంటి పనులకి చెప్పాల్సి రావచ్చు గానీ, మీ ఆస్తి దావా కాగితాలు పోతే మీకు కబురు చెయ్యాలని ఈ చట్టం అనడం లేదు. 2022 నాటి సెర్ట్-ఇన్ ఆదేశం ప్రకారం ఆరు గంటల్లో చెప్పాల్సింది కూడా ప్రభుత్వానికి, మీకు కాదు. గ్రీనో కేసులో లార్డ్ బ్రూమ్ చెప్పింది నిజమైతే, హక్కు క్లయింటుదైతే, పోయిన సంగతి మొదట తెలియాల్సింది క్లయింటుకే. ఈ లోటు పూడ్చాల్సింది పార్లమెంటో బార్ కౌన్సిలో, ఎవరైనా సరే. బార్ కౌన్సిల్ నియమాల్లో పాత 126వ సెక్షన్ బాధ్యతని మీరకూడదని ఎప్పటినుంచో ఉంది. పక్కనే ఒక్క వాక్యం చేర్చడానికి ఎంతసేపు పడుతుంది?

అంతవరకూ మనం చెయ్యగలిగింది అడగడం. సెక్యూరిటీ ఆడిట్ పేరుతో కస్టమర్లు మనల్ని ఎన్ని ప్రశ్నలడుగుతారో మనకి తెలుసు. ఆ లిస్టులోంచి ఓ నాలుగు తీసి మన లాయరు గారిని అడగొచ్చు. నా కాగితాలు ఎక్కడ పెడతారు, ఎవరెవరు చూస్తారు? లాగిన్‌కి రెండో అంచె ఉందా? కేసు అయిపోయాక ఎన్నాళ్ళుంచుతారు, తర్వాత ఏం చేస్తారు? పోతే నాకు ఎన్ని రోజుల్లో చెప్తారు? ఆ ఆఖరి జవాబు కాగితం మీద రాయించుకోండి. చట్టంలో లేనిది ఒప్పందంలో ఉండకూడదని ఎవరూ అనలేదు.

వీసా వాళ్ళకి ఇంకో ప్రశ్న. కంపెనీ పెట్టిన లాయరు అసలు ఎవరి లాయరు? అమెరికాలో సాధారణంగా కంపెనీ, ఉద్యోగి ఇద్దరూ ఆయన క్లయింట్లే. అలా ఉమ్మడిగా పెట్టుకున్న లాయరు దగ్గర ఒకరి విషయం రెండోవారికి రహస్యం కాదు, మీకూ కంపెనీకీ చెడితే ఈ కోటలేవీ అడ్డు రావు. ఉద్యోగం మారే ఆలోచనలో ఉంటే ఆ మాట ఆయనకి రాసేముందు వేరే లాయరుకి వంద డాలర్లో రెండొందలో ఇచ్చి అడగడం మేలు.

ఇలా అడిగితే లాయరు గారికి కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి. క్లయింటుకి భయం లేకుండా చెయ్యడమే ఈ నియమం ఉద్దేశమని వాళ్ళ పుస్తకాల్లోనే రెండు శతాబ్దాలుగా రాసి ఉంది. నిజం దాచకుండా చెప్పడం మన వంతు. చెప్పింది దాచడం వాళ్ళ వంతు, దానికి ఇప్పుడు నోరు కట్టేసుకుంటే చాలదు, ప్యాచ్ కూడా వెయ్యాలి.